భోజనానికి వచ్చిన మనిషి

స్టూలు కాలు వదులైందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వదినకు తెలుసు, వదిన మొగుడికి తెలుసు, దాని మీద కూర్చుని బూట్లు వేసుకునే వాళ్ళబ్బాయికీ తెలుసు. తెలియనిది ఒక్క కర్టెన్లమ్మకే. ఎక్కింది కూడా ఆవిడే.

కర్టెన్లు కుట్టే దుకాణం కాబట్టి బజారంతా ఆమెను కర్టెన్లమ్మ అంటారు. వదిన మాత్రం అలా అనదు. మొగుడి అక్క గదా, ఆవిడకు ఈమె ఎప్పుడూ ‘అమ్మాయే’. ఆ ఆదివారం భోజనానికి రమ్మని తనే ఫోన్ చేసి పిలిచింది. తిన్నారు, లేచారు. కర్టెన్లమ్మ చేతులు కడుక్కుని తుండు కోసం చూస్తుండగానే వదిన హాల్లోంచి పిలిచింది.

“అమ్మాయ్, ఎలాగూ వచ్చావుగా, ఈ మూల కర్టెన్ కాస్త వాలినట్టుంది. ఓసారి చూసిపో.”

ఈ ‘ఎలాగూ వచ్చావుగా’ అన్న మాటతోనే ఆ ఇంటి కిటికీలన్నిటికీ కర్టెన్లు పడ్డాయి. ఎలాగూ వచ్చావుగా, కొలతలు తీసుకో. ఎలాగూ వచ్చావుగా, రింగులు ఎక్కించిపో. డబ్బు మాట వచ్చినప్పుడల్లా “మనలో మనకేంటి, లెక్క చూసుకుందాంలే” అనేది. ఆ చూసుకునే రోజు మాత్రం ఏ క్యాలెండర్లోనూ రాలేదు.

కర్టెన్లమ్మ స్టూలెక్కింది. చూడగానే తెలిసింది, గోడలోకి దిగిన మేకు వదులై రాడ్డు ఒక పక్కకి జారింది. ఎడం చేత్తో రాడ్డును ఎత్తిపట్టి, కుడిచేత్తో కుచ్చిళ్ళను ఒక్కొక్కటే పక్కకు తోస్తూ మేకు దాకా వచ్చింది. కుచ్చిళ్ళ వెనక తను కుట్టిన దళసరి పట్టీ ఎక్కడా వంగలేదు. మంచి పని చేశానే అనుకుంది. మునివేళ్ళ మీద కాస్త లేచింది. స్టూలు కాలు లోపలికి మడుచుకుపోయింది.

పడేటప్పుడు ఎవరైనా చెయ్యే పెడతారు. ఆమె కుడిచెయ్యి పెట్టింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది.

“అయ్యయ్యో! రాడ్డు ఊడిందా?” అంటూ వదిన పరుగెత్తుకొచ్చింది. ఆ తర్వాత చెయ్యి చూసింది.

ఆసుపత్రిలో నర్సు అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చింది. పేరూ వయసూ అయ్యాక, “ఎక్కడ పడ్డారు? ఎలా పడ్డారు? ఎవరైనా తోశారా? ఏమనుకోకండి, అందర్నీ అడగాలి మేము” అంది.

పక్కనే వదిన కర్టెన్లమ్మ హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడి ఉంది. దాని జిప్పు తీస్తోంది, వేస్తోంది. ఆవిడ మొగుడు ఫ్యానెప్పుడూ చూడనట్టు పైకి చూస్తున్నాడు. అబద్ధం చెప్పమని ఎవరూ అడగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ జిప్పు చప్పుడు వింటూ ‘వదినగారింట్లో, వాళ్ళ విరిగిన స్టూలు మీంచి’ అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. అన్నం పెట్టిన మనిషి పక్కనే ఉంది. ఇంకా చేతికి ఆ ఇంటి సబ్బు వాసన కూడా పోలేదు.

“మా ఇంట్లోనేనండీ. కర్టెన్ సర్దుతూ” అంది.

జిప్పు ఆగింది. వదిన ఆమె ఎడమ భుజం మీద చెయ్యి వేసి నిమిరింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ అంత ప్రేమగా ముట్టుకోవడం అదే మొదలు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. “మణికట్టు దగ్గర ముక్కలైంది. ప్లేటు వెయ్యాలి. పది రోజుల్లోపు వేయించుకుంటే మంచిది. లేదంటే వంకరగానే అతుక్కుంటుంది. అప్పుడు గ్లాసు పట్టుకుంటారు గానీ సూది పట్టుకోలేరు.” ఆపరేషన్‌కి ఎంతవుతుందో కౌంటర్లో చెప్పారు. అంత డబ్బు ఆమె దగ్గర లేదు.

ఇంటికొచ్చాక మొగుడు కోపంతో చిందులు తొక్కాడు. అతను సిటీ బస్సు డ్రైవరు, రోజంతా రోడ్డు మీద అరిచీ అరిచీ ఇంట్లో కూడా హారన్ కొట్టినట్టే మాట్లాడతాడు.

“మనింట్లో పడ్డానన్నావా? మనింట్లో స్టూలేదే అసలు? మంచమెక్కి పడ్డావా?”

“ఆవిడ పక్కనే ఉందండీ. ఎలా చెప్పను?”

“నోటితో చెప్పాలి! మొహమాటానికి పోతే కడుపైందిట, వెనకటికి నీలాంటిదానికే.”

“మీ అక్కేగా.”

“మా అక్కయితే? తల్లీబిడ్డలకే నోరూ కడుపూ వేరన్నారు. అక్కెంత, తమ్ముడెంత! నేనైతే మొహమ్మీదే చెప్పేవాణ్ణి, అక్కయ్యా, నీ స్టూలు నా పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టింది, ఏం చేస్తావో చెయ్యి అని.”

అంటూనే అన్నం కలిపి ముద్దలు పెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. అరుపు ఒకటే ఎక్కువ.

మర్నాడు ఆమె దుకాణం తెరిచింది. తెరవకపోతే అడ్వాన్సులిచ్చినవాళ్ళు ఊరుకోరు. బల్ల మీద ఒక హోటల్ వాళ్ళ నీలం గుడ్డ సగం కత్తిరించి పడుంది. ఎడం చేత్తో టేపు పరచబోయింది, రెండో కొస జారిపోయింది. దాని మీద కత్తెర బరువు పెట్టింది. సుద్దముక్కతో గీత గీస్తే చిన్నపిల్లలు గీసినట్టు వచ్చింది. గుండుసూది గుచ్చబోతే వేలికి గుచ్చుకుంది. ఆ వేలు నోట్లో పెట్టుకుని కూర్చుని ఏడ్చింది. ఇరవై ఏళ్ళు అన్నం పెట్టిన చెయ్యి మెడలో వేలాడుతుంటే ఏడుపు రాక ఏమొస్తుంది?

పక్క దుకాణం పాలసీలాయనది. ఇన్సూరెన్సు ఏజెంటు. ఆయనే ఆమె కోసం రెండు టీలు పట్టుకొచ్చాడు.

“ఎక్కడ చెల్లెమ్మా ఈ ఘనకార్యం?”

“ఇంట్లో” అంది. మళ్ళీ ఆ టీ గ్లాసు ఎడం చేత్తో అందుకుంటూ, ఇక దాచే ఓపిక లేక, “మా ఇంట్లో కాదు. వదినావాళ్ళింట్లో” అని మొత్తం చెప్పేసింది.

ఆయన టీ తాగడం మానేశాడు. “మీ వదినగారి ఇంటికి పాలసీ రాసింది నేనే కదా! మీరే పరిచయం చేశారు, మర్చిపోయారా? అందులో ఈ ముక్క ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళకు ఆ ఇంట్లో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు కంపెనీ ఇస్తుంది.”

“వాళ్ళ తప్పని రుజువు చెయ్యాలి కాబోలు.”

“అదే వద్దంటున్నా. తప్పెవరిదని అడగనే అడగరు. స్టూలు విరిగిందా, మీరే కళ్ళు తిరిగి పడ్డారా, వాళ్ళకు అనవసరం. తప్పు తేల్చాలంటే కోర్టులూ వకీళ్ళూ ఏళ్ళూ పూళ్ళూ. ఈలోగా మనిషికి వైద్యం కావాలి గదా? అందుకని ఒక హద్దు దాకా పోట్లాట లేకుండా ఇచ్చేస్తారు. కోట్లు కావు, మీ ప్లేటుకు సరిపోతుంది.”

ఆమెకు నమ్మకం కలగలేదు. ఎవరి తప్పూ లేకుండా డబ్బిచ్చేవాళ్ళని ఆమె చూసి ఎరగదు. తప్పున్నవాళ్ళే ఇవ్వడం లేదు.

“ఇద్దరికి మాత్రం రాదు” అన్నాడు పాలసీలాయన. “ఆ ఇంట్లోనే కాపురముండేవాళ్ళకి రాదు. డబ్బు తీసుకుని పనికొచ్చినవాళ్ళకి రాదు, వాళ్ళ లెక్క వేరు. మీరు భోజనానికే వెళ్ళారుగా?”

“భోజనానికే.”

“కర్టెన్ల కూలి ఏమన్నా తీసుకున్నారా?”

“మా వదిన దగ్గరా?” కన్నీళ్ళు ఆరకముందే ఆమెకు నవ్వొచ్చింది.

“అయితే మరీ మంచిది. ఎగ్గొట్టిన బాకీ కూడా పనికొచ్చే రోజొకటి వచ్చింది చూశారా! ఇక చిక్కల్లా మీరు ఆసుపత్రిలో చెప్పిన మాట. దానికేముంది, నొప్పిలో కంగారుపడి అన్నానని చెప్పండి. వదినగారు ‘ఔను, మా ఇంటికి భోజనానికి వచ్చి పడింది’ అంటే చాలు. అంతా ఆవిడ నోట్లో ఉంది.”

సాయంత్రం మొగుడూ పెళ్ళాం వదినగారింటికి వెళ్ళారు. దారి పొడుగునా అతను “నేను మాట్లాడతా, నువ్వు చూస్తుండు” అన్నాడు. గుమ్మం దాటాక “బాగున్నావా అక్కయ్యా” అని సోఫాలో ఒదిగి కూర్చుని, పేపరు తీసుకున్నాడు. అది నిన్నటి పేపరు.

మాట్లాడవలసింది ఆమే అయింది.

వదిన సగం వినగానే మొహం ఎర్రగా చేసుకుంది. “అంటే మా ఇంట్లో పడ్డావని మా మీద కాగితం పెడతావా? తమ్ముడి పెళ్ళామే కేసు పెట్టిందట అని నలుగురూ నవ్వరూ?”

“కేసు కాదు వదినా. తప్పెవరిదని అడగరట. మీ మీదకేమీ రాదు. ఇంటికొచ్చిన మనిషి పడితే వైద్యానికి ఇస్తారట, అంతే.”

“తప్పు లేకుండా ఎందుకిస్తారు? వాళ్ళకేమన్నా పిచ్చా?”

వదిన మొగుడు అడ్డొచ్చాడు. “ఇన్నాళ్ళూ ప్రీమియం కడుతున్నాం కదే, మన సొమ్మేం పోయింది? పాపం, చెయ్యి అది. రమ్మనమ్మా ఆ వచ్చేవాళ్ళని.”

చివరికి వదిన, “సరే, రమ్మను. నేను చెప్తాలే. నిన్ను పిలిచిందీ నేనే, అన్నం పెట్టిందీ నేనే” అంది. ఆ మాటలో కాస్త గొప్ప కూడా ఉంది.

ఇక్కడ కర్టెన్లమ్మ చెప్పవలసిన మాట ఒకటి మిగిలిపోయింది. డబ్బు తీసుకుని పనికొచ్చినవాళ్ళకు రాదు, కాబట్టి కూలి మాట ఎత్తొద్దు వదినా, ఉన్నదున్నట్టు ఇవ్వలేదనే చెప్పండి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎలా అంటుంది? అంటే బాకీ అడిగినట్టుండదూ? వాళ్ళ సోఫాలో కూర్చుని, వాళ్ళ సాయం అడుగుతూ, ‘మీరు నాకు డబ్బివ్వలేదు’ అని ఎత్తిపొడిచినట్టుండదూ? హాల్లో తను కుట్టిన కర్టెన్లు ఫ్యాను గాలికి కదులుతున్నాయి. వాటివైపు చూడకుండా లేచింది. అవసరం రాదులే, ఆ ప్రశ్న ఎవరడుగుతారు అనుకుంది.

ఇన్సూరెన్సు కంపెనీ నుంచి వచ్చింది చిన్నపిల్లే. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, స్టూలు ఫొటో తీసుకుని, రాడ్డు ఫొటో తీసుకుని, ఫోన్లో రాసుకుంటూ కూర్చుంది. అడగడం కూడా మర్యాదగానే అడిగింది. పాలసీలాయన పక్క కుర్చీలో చేతులు కట్టుకుని ఉన్నాడు.

“ఆసుపత్రిలో మీ ఇంట్లో పడ్డానని చెప్పారు కదండీ?”

“కంగారులో అన్నానమ్మా. ఇక్కడే పడ్డాను.”

“ఔనౌను, ఇక్కడే” అంది వదిన. “అదిగో, ఆ కిటికీ దగ్గరే. నేనే భోజనానికి పిలిచాను.”

కర్టెన్లమ్మకు ఊపిరాడింది. పాలసీలాయన కళ్ళతోనే ‘చూశారా’ అన్నాడు.

ఆ పిల్ల తలెత్తి గది చుట్టూ చూసింది. “కర్టెన్లు చాలా బాగున్నాయండీ. ఎక్కడ కుట్టించారు?”

మెచ్చుకుంటే పొంగని మనిషుంటుందా? “ఈ అమ్మాయే. ఇల్లంతా తనే కుట్టింది.”

“అబ్బ! మీ ఇంట్లోవాళ్ళే కుట్టారంటే మీకు డబ్బులు మిగిలినట్టే.”

అంతే. ఆ మాట వదినకు సూదిలా గుచ్చుకుంది. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల, పైగా ఆ ఏజెంటు వింటున్నాడు. తమ్ముడి పెళ్ళాంచేత ఊరికే చాకిరీ చేయించుకుందంటారా?

“చాల్చాల్లే, మేమెవరిచేతా ఊరికే చేయించుకోం. కూలి ఇచ్చే చేయించుకున్నాం. కుట్టడానికీ బిగించడానికీ అన్నిటికీ. ఆ రోజూ అంతే, వాలిందంటే వచ్చి సరిచెయ్యాలి కదా మరి, డబ్బు తీసుకున్నాక!”

ఆ పిల్ల వేళ్ళు ఫోన్ మీద ఆగాయి. “అంటే ఆ రోజు ఆవిడ పని మీద వచ్చారా?”

“భోజనమూ పెట్టాం, పనీ చేయించుకున్నాం” అంది వదిన తల ఎగరేసి.

పాలసీలాయన చేతులు విప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కర్టెన్లమ్మ మొగుడు ఆ రోజూ సోఫాలోనే ఉన్నాడు, ఈసారి మొన్నటి పేపరు తీశాడు. కర్టెన్లమ్మ అందరివైపూ చూసింది. ఆమె కోసం ఎవరూ నోరు తెరిచేలా లేరు.

“ఇవ్వలేదమ్మా” అంది. “కుట్టినందుకు గానీ, బిగించినందుకు గానీ, నాకు చిల్లిగవ్వ ముట్టలేదు. నేను భోజనానికే వచ్చాను.”

వదిన కుర్చీలోంచి చివాలున లేచింది.

“ఏమిటేమిటీ?” అంది వదిన. “ఇవ్వలేదా? నా ఇంట్లో నిలబడి నన్ను అబద్ధాలకోరు అంటున్నావా? ఆసుపత్రిలో అబద్ధమాడింది ఎవరమ్మా? నేనా, నువ్వా?”

ఎవరి పరువు కోసం ఆడిందో ఆవిడే అడుగుతోంది!

ఆ పిల్ల పాపం ఇబ్బందిగా లేచింది. “మీరిద్దరూ మాట్లాడుకోండి మేడమ్. ఎల్లుండి ఫోన్ చేస్తాను. డబ్బు ఇచ్చారో లేదో ఒక్కమాట మీద ఉండండి, నేను అదే రాస్తాను” అంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ కర్టెన్లమ్మ కట్టువైపు ఒకసారి చూసింది.

మర్నాడంతా ఫోన్ కోసమే గడిచింది. పాలసీలాయన ధైర్యం చెప్పాడు. “ఇచ్చినట్టు ఆవిడ దగ్గర రుజువేముంది? మీరు ఇవ్వలేదన్న మాట మీదే ఉండండి. భోజనానికి వచ్చిన మనిషిని కూలిమనిషి అని ఎలా తేలుస్తారు? మాట తప్పకండి, అంతే.”

ఆమె తప్పదల్చుకోలేదు. ఒక్క రోజులో ఎంత మొహమాటం పోయిందో ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. వదిన గుమ్మంలోకొచ్చి నిలబడ్డా సరే, ఇవ్వలేదనే అంటాను అనుకుంది. దుకాణంలో ఎడం చేత్తో నీలం గుడ్డ మడతలు పెట్టి, హోటల్ వాళ్ళకి ఇంకో నెల గడువు అడిగింది. ప్లేటు వేయించుకుంటాను, తర్వాత కుట్టేస్తాను అని చెప్పింది.

ఆ మరుసటి సాయంత్రం ఫోన్ వచ్చేసరికి మొగుడు డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. ఇన్సూరెన్సు పిల్లే. కర్టెన్లమ్మ ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది.

“లేదమ్మా, నాకు ఏమీ ఇవ్వలేదు” అంది గట్టిగా.

“మరి మీ వదినగారు నిన్న ఉదయం కూడా కొంత ఇచ్చానన్నారండీ. పాతది ఏదో మిగిలితే అది కూడా తీర్చేశానన్నారు. మీ ఆయన చేతికే ఇచ్చారట. ఆయనున్నారా?”

కర్టెన్లమ్మ మొగుడివైపు తిరిగింది. అతను చొక్కా బొత్తాం విప్పుకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు. జేబులో కవరు ఉంది. కవరు అంచు బయటికి కనిపిస్తోంది.

“చెప్పండి సార్, ముట్టిందా?” అంది ఫోన్.

అతను ఆమెను చూశాడు. ఫోన్‌ను చూశాడు. లేదని ఒక్క మాట చాలు. కానీ లేదంటే అక్క అబద్ధమాడినట్టవుతుంది. నిన్న పొద్దున డిపో గేటు దగ్గరికి వెతుక్కుంటూ వచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, “మీ ఆవిడ నలుగురిలో నా తల తీసేసింది, ఇది తీసుకోరా, నా పరువు నిలబెట్టు” అని చేతిలో పెట్టిన అక్క.

“ముట్టిందండీ” అన్నాడు. ఇంట్లో అంత మెల్లగా అతను మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

“థాంక్యూ సార్. అలా అయితే ఇది పనిమీద జరిగిందే అవుతుంది, ఈ భాగం కింద రాదు. సారీ మేడమ్.” ఫోన్ ఆగిపోయింది.

అతను కవరు తీసి బల్ల మీద పెట్టాడు. ఆపరేషన్ ఖర్చులో పదోవంతు కూడా ఉండదు. “ఎదురుగా నిలబడి చేతిలో పెడితే... ఏడుస్తోంది మరి... అక్కయ్య కదా... ఎలా కాదనను?” అన్నాడు.

“మొహమాటానికి పోతే” అంది ఆమె. మిగతా సగం అనలేదు. అతనికి వచ్చిన సామెతే.

డాక్టరు చెప్పిన గడువు దాటిపోయింది. అప్పులకు తిరిగారు, సరిపడా పుట్టలేదు. చివరికి ఆ కవర్లో డబ్బుతో మామూలు పిండికట్టు వేయించుకుంది. కట్టు వేసే అతను మంచివాడే, వేళ్ళు కదుపుతూ ఉండమ్మా అన్నాడు. బొటనవేలు చూపుడువేలి దాకా వస్తోంది గానీ రెంటి మధ్యా ఏదీ నిలవడం లేదు. హోటల్ వాళ్ళు నీలం గుడ్డ వెనక్కి తీసుకుపోయారు.

గుడ్డ వెళ్ళిన సాయంత్రం ఆమె ఖాళీ బల్ల ముందు కూర్చుని, గుండుసూదిని కుడిచేతి వేళ్ళ మధ్య ఇరికించి చూస్తోంది. జారింది. మళ్ళీ తీసింది. మళ్ళీ జారింది. అప్పుడు వదిన ఫోన్ చేసింది. ఏమీ జరగనట్టే మాట్లాడింది. చెయ్యెలా ఉందంది, తమ్ముడు అన్నం తింటున్నాడా అంది, ఏది జరిగినా మన మంచికే అనుకోవాలంది.

“అన్నట్టు అమ్మాయ్, ఆ మూల కర్టెన్ అలా వేలాడుతూనే ఉంది, చూడలేకపోతున్నా. నువ్వు ఎక్కొద్దులే, పక్కన నిలబడి మీ అన్నయ్యగారికి ఎలా బిగించాలో చెప్దువుగాని. ఎలాగూ ఖాళీగానే ఉంటున్నావుగా. ఆదివారం భోజనానికి వచ్చెయ్.”

కర్టెన్లమ్మ బల్ల కిందికి వంగింది. కింద పడ్డ సూది కోసం చూస్తోంది.

“ఏంటమ్మాయ్, వినిపిస్తోందా? వస్తావుగా?”

“రాను వదినా.”

“అదేమిటి?” వదినకు నిజంగానే అర్థం కాలేదు. “డబ్బులు కూడా ఇచ్చాం కదా!”

“ఇచ్చారు వదినా. అందుకే రాను” అని, ఆమె ఎడం చేత్తో ఫోన్ పెట్టేసింది.